రాని రాణి

కంచుపిన్ని పొద్దున లేవగానే చేసే మొదటి పని తన గొంతు ఉందో ఊడిందో చూసుకోవడం. స్నానాలగదిలో నిలబడి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించి, అద్దంలో తన మొహాన్ని తానే ఉరిమి చూస్తూ "ఎవరక్కడ" అంటుంది. మహారాణి భటుల్ని పిలిచే "ఎవరక్కడ" అది. కింది అంతస్తులోకి కొత్తగా అద్దెకు దిగినాయన మొదటిరోజు నిజంగానే చొక్కా తొడుక్కుని పైకి వచ్చి తలుపు కొట్టాడు. ఆవిడ మొగుడు మాత్రం మంచం మీద ఇటునుంచి అటు పొర్లడు. కళ్ళజోళ్ళ కొట్టు నడుపుకునే ఆ పెద్దమనిషికి కుడిచెవి పనిచేయదు. తింటున్నా, పడుకున్నా పెళ్ళాన్ని కుడిపక్కనే ఉంచుకుంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమనే సామెతను ఆ ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

సినిమాలకు గొంతు అరువివ్వడం ఆవిడ పని. తెర మీద పెదవులు ఒకరివి, మాట ఇంకొకరిది. ఆ ఇంకొకరు కంచుపిన్ని. వయసులో ఉన్నప్పుడు ప్రేమకథల్లో నాయికలకు చెప్పింది, తర్వాత వదినలకు చెప్పింది. కానీ ఆవిడకు పేరు తెచ్చినవి రాణులు. కోట బురుజు మీద నిలబడి శత్రువుని తిట్టే రాణి ఎవరైనా, ఏ కాలందైనా, ఆ తిట్టు కంచుపిన్నిదే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు ఏనాడూ మంచిది కాదు. గొంతు మంచిది కాబట్టి ఆ నోటిని స్టూడియోలో అందరూ ఓర్చుకున్నారు.

అయితే ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. నాయికల గొంతులు ఎప్పుడో పడుచుపిల్లల చేతికి పోయాయి. వదినలూ పోయారు. మిగిలింది రాణులే. అవి కూడా పోతే ఆ వయసు గొంతుకి దొరికేవి ఏమిటో ఆవిడకు బాగా తెలుసు: పిల్లల బొమ్మల సినిమాలో మాట్లాడే ఆవు, ఆస్పత్రి వరండాలో "డాక్టరుగారు లోపలున్నారు" అనే నర్సు, పాత బంగళాలో నవ్వే దయ్యం. "నేను దయ్యాలకి చెప్పను" అని ఆవిడ చాలాసార్లు మొహం మీదే అని ఫోను పెట్టేసింది. రాణులున్నంతవరకే ఆ పొగరు చెల్లుతుందన్న సంగతి ఆవిడకూ తెలుసు, ఫోను చేసినవాళ్ళకూ తెలుసు.

చరిత్ర సినిమాలంటే ఆవిడకు గౌరవం అనుకునేరు. లేదు. వాటిని తీసేవాళ్ళంటే మరీ లేదు. ఆ ఏడాది తీసిన పెద్ద సినిమానే చూడండి. మొగుడు యుద్ధంలో పోతే, బిడ్డల్ని వెనకేసుకుని కోట కాపాడిన రాణి కథ. చరిత్రలో ఆవిడకు నలభై దాటాయి, మొహం మీద అమ్మవారు పోసిన మచ్చలున్నాయి. ఆ వేషానికి తెచ్చిన పిల్ల మొహం మీద మచ్చ కాదుగదా, కనుబొమలో ఒక వెంట్రుక అదనంగా లేదు. కొడుకు వేషం వేసినవాడు ఆ తల్లికన్నా పెద్దవాడిలా ఉన్నాడు. రాజు నిర్మాతగారి బావమరిది. బావమరిది బతుకు కోరతాడంటారు, ఈయన వేషం కూడా కోరాడు. కవచం ఆయన పొట్ట మీద మూతపడక, వెనక తాళ్ళు కట్టి, ఆ వెనక భాగం కనపడకుండా సినిమా అంతా సింహాసనంలో కూర్చోబెట్టారు. ఆయన యుద్ధంలో చనిపోవడం కూడా కూర్చునే చనిపోయాడు.

రాణివేషం వేసిన పిల్లకి కంచుపిన్ని పెట్టిన పేరు అంకెలమ్మ. పరభాషా పిల్ల. అంతకుముందు సినిమాల్లో మాటలు రాక, సెట్లో నిలబడి తన భాషలో అంకెలు లెక్కపెట్టేది. కోపమైతే గబగబా లెక్క, ఏడుపైతే సాగదీసిన లెక్క. ఆ పెదవుల కదలికలో మాటలు ఇరికించడం కంచుపిన్ని ఖర్మ. ఒక సినిమాలో అంకెలమ్మ పుత్రశోకం అరవై దగ్గర మొదలై డెబ్బై దగ్గర ముగిసింది. దాన్ని చూసి జనం కళ్ళు తుడుచుకున్నారంటే, ఆ కన్నీళ్ళన్నీ తన గొంతువేనని కంచుపిన్ని ఇంటింటికీ చెప్పుకుంది. నిజం చెప్పుకోవడంలో తప్పేముంది.

ఈ రాణి సినిమా షూటింగు అయిపోయాక నిర్మాత ఆవిడని ఆఫీసుకు పిలిపించాడు. టీ ఇచ్చారు. ఆ ఆఫీసులో టీ ఇచ్చారంటే ఏదో ముంచుకొచ్చిందనే లెక్క.

"పిన్నీ, ఈసారి అమ్మాయి సొంతగొంతే చెప్పుకుంటుందట" అన్నాడు నిర్మాత.

"ఏం చెప్పుకుంటుంది, ఎక్కాలా?"

"వెటకారం తర్వాత ఆడండి. గొంతు సొంతం కాకపోతే అవార్డుకి చూడరట. ఈసారి సెట్లో అంకెలు మానేసి, పక్కనుంచి అందిస్తుంటే మాటలే అంది పాపం. కాకపోతే పలకడం రాదు. మీరు నేర్పాలి."

"నా పని పోగొట్టుకోవడం ఎలాగో నేనే నేర్పాలా?"

"అలా ఎందుకనుకుంటారు? డబ్బింగుకి ఇంకా టైముంది. వస్తే ఆ అమ్మాయి చెప్తుంది. రాకపోతే ఎలాగూ మీరే చెప్తారు. మీకు పోయేదేముంది?"

మెట్లు దిగుతున్నంతసేపూ కంచుపిన్ని చెవుల్లో "రాకపోతే" అన్న ఒక్క మాటే తిరిగింది. ఆ పిల్లకి వస్తే తాను ఆవు. రాకపోతే తాను రాణి.

మొదటిరోజు పాఠం అంకెలమ్మ ఫ్లాటులో. ఆవిడ గారు హాల్లో నడకమిషను మీద నడుస్తోంది. కంచుపిన్నికి చెప్పులు వేసుకునేటప్పుడు కూర్చునే పొట్టి స్టూలు వేశారు. అక్కడినుంచి చూస్తే ఆ పిల్ల మోకాళ్ళు తప్ప ఏమీ కనపడవు. మేకప్పు మనిషి ఒకామె సోఫాలో కూర్చుని సీసాలు సర్దుకుంటోంది. ఆమెకు సోఫా, గురువుగారికి స్టూలు.

"చెప్పు అమ్మాయ్. 'నేను ఈ నేలకు రాణిని. నా కళ్ళ ముందు ఈ నేల తలవంచదు.'"

"నేను ఈ నేలకు రానిని. నా కల్ల ముందు ఈ నేల తలవంచదు."

"రాని కాదు, రాణి. నాలుక పైకి మడిచి అంగిట్లో తగిలించు. రాని అంటే రానిది. భాష రానిది, పని రానిది, పిలిచినా రానిది. నువ్వు బురుజు మీద నిలబడి 'నేను రానిని' అంటే సైన్యం సరే ఉండిపోమ్మా అని ఇళ్ళకి పోతుంది. కల్ల అంటే అబద్ధం. 'నా అబద్ధం ముందు' అంటున్నావు. అది ఒకందుకు నిజమే అనుకో."

సోఫాలో మేకప్పు మనిషి కిసుక్కున నవ్వింది. నడకమిషను ఆగింది. నవ్వినామెకేసీ, నవ్వించినావిడకేసీ అంకెలమ్మ చూసిన చూపుకి భాష అక్కర్లేదు. మర్నాటినుంచి ఆ మేకప్పు మనిషి అక్కడ కనపడలేదు.

మొదటివారం కంచుపిన్ని నిజంగానే నేర్పింది. పంతం ఎంతున్నా పని పనేనని ఆవిడ నమ్మకం. నాలుక ఎక్కడ పెట్టాలో తన నోరు తెరిచి చూపించింది. అంకెలమ్మ ఫోను చూస్తూ "రాని, రాని" అంది. వారం చివర ఫోను పక్కన పెట్టి, ఏదో మంచిమాట చెప్పబోతున్నట్టు దగ్గరకు జరిగి కూర్చుంది.

"ఆంటీ, మీరు ఫీలవకండి. మీ వాయిస్ ముసలి వాయిస్. ఇన్ని సినిమాలు మీరు నన్ను ముసలిదాన్ని చేశారు. మా ఫ్రెండ్స్ నవ్వుతారు. అందుకే నా వాయిస్ నేనే చెప్తా."

తిట్టి ఉంటే కంచుపిన్ని రెండు తిట్టి ఊరుకునేది. ఆ పిల్ల తిట్టలేదు. పళ్ళు చెడిపోయినవాడితో పళ్ళడాక్టరు మాట్లాడినట్టు నిదానంగా చెప్పింది. కంచుపిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. పుత్రశోకం, పతిశోకం, పట్టాభిషేకం అన్నీ తన గొంతులోంచి తీసిపెడితే, చివరికి తానే ఈ పిల్లని ముసలిదాన్ని చేసిందట.

ఇంటికి వచ్చి మొగుడి కుడిచెవిలో అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు కాడకి మర బిగించుకుంటూ తల ఊపాడు. వినాల్సినవాడు వినలేదుగానీ, వినకూడనిది విన్నది. ఆడపడుచు. పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని రోజంతా జనం మీద విసుక్కుని, మిగిలిన విసుగు ఇంటికి పట్టుకొచ్చే మనిషి.

"అందులో అబద్ధమేముంది వదినా? ఆ అమ్మాయి వయసెంత, నీ గొంతు వయసెంత? సినిమా హాల్లో మేమంతా అనుకుంటూనే ఉంటాం."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఆ పూట కంచుపిన్ని అన్నం ముట్టలేదు. పొయ్యి తుడిచి, గిన్నెలు బోర్లించి, వంటింటి గడప మీద కూర్చుంది. కూర్చున్నచోటే ఆవిడకు ఆ ఆలోచన వచ్చింది. వచ్చాక లేచి చల్లన్నమే తిన్నది, బాగా తిన్నది.

మర్నాడు పొట్టి స్టూలు మీద కూర్చుని, ఎన్నడూ లేనంత ప్రేమగా మాట్లాడింది.

"అమ్మాయ్, నిన్న నువ్వన్నది నిజమే. నాది ముసలిగొంతు. అందుకే నాకు తెలిసిన అసలు గుట్టు నీకు చెప్తాను. ఈ రోజుల్లో మనం పలికినట్టు ఆ రోజుల్లో పలికేవాళ్ళు కాదు. కోటల్లో వాళ్ళకి నాలుక బరువు. ఎప్పుడూ పైకి మడిచే ఉండేది. వాళ్ళ నోట్లో 'న' లేదు, అంతా 'ణ'. 'ల' లేదు, అంతా 'ళ'. ఏదీ, నాతోపాటు అను. 'ణేణు ఈ ణేళకు రాణిణి.'"

"ణేణు ఈ ణేళకు రాణిణి" అంది అంకెలమ్మ. మొదటిసారికే వచ్చింది. ఎక్కడ మడవాలి, ఎక్కడ కూడదు అన్న తేడాయే ఆ పిల్లకి పట్టుబడనిది. అన్నిచోట్లా మడిచేయమంటే ఇక చిక్కేముంది.

"'ణా కళ్ళ ముందు ఈ ణేళ తళవంచదు.'"

"ణా కళ్ళ ముందు ఈ ణేళ తళవంచదు. ఆంటీ, నిజంగా ఇలాగే మాట్లాడారా? మీరు మిగతా రానులకి ఇలా చెప్పలేదు కదా."

ఆ పిల్ల బుర్ర ఒట్టిది కాదని కంచుపిన్నికి ఆ క్షణంలో తెలిసింది. ఒక్క మాటతో అన్నీ సర్దుకునే అవకాశం కూడా అదే.

"చెప్పనిచ్చేవాళ్ళా? అందరికీ అర్థమయ్యేలా చెప్పమనేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు చరిత్ర" అంది కంచుపిన్ని. అంత సులువుగా అబద్ధం చెప్పగలనని ఆవిడకే తెలియదు.

అక్కడినుంచి అంకెలమ్మ మారిపోయింది. ఫోను ముట్టలేదు. నాలుక వాచిపోయి అన్నం తినలేక పాలు తాగింది. కంచుపిన్ని ఒక మాట పలికితే, ఆ మాటకి ముందు ఆవిడ తీసుకునే ఊపిరితో సహా పట్టేసింది. ఆ కష్టం చూసి ఇంకొకరైతే జాలిపడేవారేమో. కంచుపిన్ని పడలేదు. ఎంత కష్టపడితే అంత బాగా నవ్వులపాలవుతుందని లోలోపల మురిసింది. ఆ పిల్లని అంత శ్రద్ధగా ఎవరూ ద్వేషించి ఉండరు.

డబ్బింగు రోజు వచ్చింది. కంచుపిన్ని ఉప్పునీళ్ళు పుక్కిలించి, మెడకి శాలువా చుట్టుకుని, పిలవకపోయినా వెళ్ళి డబ్బింగు థియేటరులో గోడవార సోఫాలో కూర్చుంది. ఆవిడ లెక్క సూటిగా ఉంది. అంకెలమ్మ నోరు తెరుస్తుంది, అందరూ నెత్తిన చేతులు పెట్టుకుంటారు, "పిన్నీ, ఇక మీరే దిక్కు" అంటారు. కాసేపు బతిమాలించుకోవాలా, వెంటనే లేవాలా అన్నది ఒక్కటే తేలలేదు.

ఎర్రలైటు వెలిగింది. తెర మీద పెదవులు కదిలాయి. 'న'కీ 'ణ'కీ బయట పెదవులు ఒకటే, తేడా లోపల నాలుకకే తెలుసు. కాబట్టి మాట పెదవులకి అతికినట్టు సరిపోయింది.

"ణేణు ఈ ణేళకు రాణిణి. ణా కళ్ళ ముందు ఈ ణేళ తళవంచదు."

అద్దం వెనక కూర్చున్న ముసలి సౌండు ఇంజనీరు తలతిప్పి కంచుపిన్నికేసి చూశాడు. ఆవిడ పైకప్పుకేసి చూసింది. దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. గది మధ్యకి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఇదీ" అన్నాడు. "ఇన్నాళ్ళూ చరిత్ర సినిమాలంటే పక్కింటివాళ్ళు కిటికీలోంచి మాట్లాడుకున్నట్టు ఉండేవి. ఇది వింటే ఆ కాలం కనపడుతోంది. ఎవరు చెప్పారమ్మా నీకు?"

అంకెలమ్మ సిగ్గుపడింది. "నేను రీసెర్చ్ చేశా సార్" అంది.

మాటల రచయిత అక్కడే ఉన్నాడు. తను రాసిన 'నేను' ఏమైపోయిందో అర్థంకాక ఒక నిమిషం అటూఇటూ చూశాడు. తర్వాత దర్శకుడి మొహం చూశాడు. ఏ ఎండకా గొడుగు పట్టకపోతే అంతకాలం అక్కడ ఉండేవాడు కాదు. "పాత శాసనాల్లో ఇలాగే ఉంటుందండి. మనవాళ్ళకి ఎక్కదేమోనని నేనే మామూలుగా రాశాను" అన్నాడు.

కంచుపిన్ని లేవబోయి ఆగిపోయింది. ఏమని చెప్పాలి? అది తప్పు, ఎవరూ ఏనాడూ అలా మాట్లాడలేదు, కావాలని నేనే చెడగొట్టాను అనాలి. అంటే నిర్మాత ఈ జన్మలో మళ్ళీ గడప తొక్కనివ్వడు. కక్కలేక మింగలేక, తేలు కుట్టిన దొంగలా శాలువా గట్టిగా చుట్టుకుని కూర్చుంది. దర్శకుడు ఆవిడకేసి తిరిగి, "మీరింక వెళ్ళొచ్చు పిన్నీ, ఈ సినిమాకి మీతో పనిలేదు" అన్నాడు. అంతటితో ఆగలేదు. అప్పటికే చెప్పేసిన రాజునీ, సేనాపతినీ, కోట కాపలావాళ్ళనీ మళ్ళీ పిలిపించి అందరిచేతా నాలుకలు మడిపించాడు. కూర్చుని చచ్చిపోయిన రాజు "ణేణు పోతుణ్ణాణు" అని మళ్ళీ చచ్చాడు.

సరే, వీళ్ళంతా వెర్రివెధవలు, జనానికి చెవులున్నాయి కదా అని కంచుపిన్ని సినిమా విడుదలదాకా ఓపిక పట్టింది. మొదటిరోజే టిక్కెట్టు కొనుక్కుని, గుర్తుపడతారేమోనని తలమీదుగా కొంగు కప్పుకుని వెళ్ళింది. గుర్తుపట్టడానికి ఆవిడ మొహం ఎవరు చూశారు గనక. బురుజు సీను వచ్చింది. అంకెలమ్మ నాలుక మడిచింది. ముందు వరసలో ఎవడో పకపకా నవ్వాడు. వాడికి దండం పెట్టాలనిపించింది కంచుపిన్నికి. హాలంతా నవ్వడానికి అదే మొదలనుకుంది.

"ష్, నోరుమూసుకో" అన్నారు వెనకనుంచి. "తెలియకపోతే కూర్చుని విను, అది అప్పటి యాస" అని ఒక పెద్దాయన పక్కవాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు. నవ్వినవాడు నాలుక కరుచుకున్నాడు. తర్వాత హాల్లో ఈల తప్ప ఇంకో చప్పుడు లేదు. సీను అయ్యాక చప్పట్లు కొట్టారు. తన పక్కన కూర్చున్నావిడ ముక్కు చీదుకుంటుంటే, ఆ ముక్కు పట్టుకుని గట్టిగా మెలితిప్పాలన్నంత కసి పుట్టింది కంచుపిన్నికి.

ఆడపడుచు రెండోసారి చూసి వచ్చి, కౌంటరుకి వచ్చిన జనంతో "స్టాంపుళు అయిపోయాయి, రేపు రండి" అనడం మొదలుపెట్టింది. అంకెలమ్మకి అవార్డు వచ్చింది. చేతికి తీసుకుంటూ, ఊరూపేరూ లేని తొంభయ్యేళ్ళ పండితుడొకాయన కాళ్ళ దగ్గర కూర్చుని ఆ యాస నేర్చుకున్నానని చెప్పింది. కంచుపిన్ని టీవీకి ఎదురుగా నిలబడి విన్నది. ఆడదాన్ని మగవాణ్ణి చేసినా చేసింది, తొంభయ్యేళ్ళు ఎందుకు వేసిందో మాత్రం ఆవిడకు అర్థం కాలేదు.

ఇక చూడండి. తర్వాత తీసిన ప్రతి చరిత్ర సినిమాలోనూ నాలుకలు మడతపడ్డాయి. ఉత్తరాది రాజుకైనా, సముద్రం మీద వచ్చిన వర్తకుడికైనా, ఆకాశంలోంచి దిగిన గంధర్వుడికైనా అదే యాస. మామూలుగా చెప్పినవాళ్ళని "టీవీ సీరియలు గొంతు" అని పంపేశారు. కంచుపిన్నికి ఫోన్లు రావడం తగ్గి, తర్వాత ఆగిపోయాయి. దయ్యాలకి కూడా పిలవలేదు. స్నానాలగదిలో ఉప్పునీళ్ళ చప్పుడు వినిపించేది గానీ, దాని తర్వాత వినిపించాల్సింది వినిపించేది కాదు. ఒకరోజు మొగుడు తనంతట తానే లేచి, వినపడే ఎడంచెవి ఆవిడ వైపు ఉండేలా మారి కూర్చున్నాడు. ఆ జాలి ఆవిడకు అన్నిటికన్నా రోత అనిపించింది.

ఏడాది తిరిగాక ఒక కొత్త స్టూడియోనుంచి పిలుపు వచ్చింది. చరిత్ర సినిమా, రాజమాత వేషం, ముసలిగొంతే కావాలట. కంచుపిన్ని ఇస్త్రీచీర కట్టుకుని వెళ్ళింది. వీళ్ళకి కావాల్సిన ఆ వంకర యాస ప్రపంచంలో తనకన్నా బాగా ఎవరికీ రాదని దారి పొడుగునా తనకు తానే చెప్పుకుంది. పుట్టించింది తాను. సిగ్గు మింగి చెప్పేస్తే రాజమాత తనదే. ఒక్క రాజమాత దొరికితే మిగతా రాణులు వెనకే వస్తారు.

మైకు ముందు నిలబడి హెడ్‌ఫోను తగిలించుకుంది. "ణేణు బతికుండగా ఈ కోట ళొంగదు" అంది.

అద్దం వెనక సౌండు ఇంజనీరు పడుచువాడు, మర్యాదస్తుడు. "ఇంకోసారి అమ్మా" అన్నాడు. ఇంకోసారి చెప్పింది. "అమ్మా, మీరు వెటకారం చేస్తున్నట్టు ఉంది. కొంచెం మనసుపెట్టి చెప్పండి" అన్నాడు. మనసుపెట్టి చెప్పింది. అతను పక్కవాళ్ళతో ఏదో మాట్లాడాడు. ఆ యాస ఆవిడ నోట్లో వెటకారంగానే పుట్టింది. ఎన్నిసార్లు చెప్పినా అలాగే వచ్చింది, నిజం చేసి చెప్పడం ఆవిడవల్ల కాలేదు.

"ఏమనుకోకండమ్మా" అన్నాడు చివరికి, హెడ్‌ఫోనులో. "మీకు ఆ యాస రాదు."

"దాన్ని కల్పించింది నేనయ్యా" అంది కంచుపిన్ని. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "అలా ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల మీద కోపంతో, జనం నవ్వాలని, నేనే తప్పు నేర్పాను. ఆ పండితుడూ లేడు, ఎవడూ లేడు. నేనే."

కాసేపటికి హెడ్‌ఫోనులో అతని గొంతు వినిపించింది. "అలాగే అమ్మా. మొన్న ఒక పెద్దాయన కూడా వచ్చి తనే నేర్పానన్నారు. ఒక నిమిషం కూర్చోండి." అతను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆవిడ హెడ్‌ఫోను విసిరికొట్టేది.

అతను కాయితాలు తిరగేసి మళ్ళీ మైకులోకి వచ్చాడు. "అమ్మా, ఇందులో ఒక పిచ్చిది ఉంది. కోటగుమ్మం దగ్గర కూర్చుని గొణుగుతూ ఉంటుంది. మతి పోయింది కాబట్టి దానికి యాస ఉండదు, మామూలుగానే మాట్లాడుతుంది. ఎలాగూ వచ్చారు, అది చెప్తారా?"

కంచుపిన్ని తలుపుకేసి చూసింది. ఆ తలుపు దాటితే మెట్లు, మెట్లు దిగితే ఇల్లు, ఇంట్లో ఎడంచెవి తనవైపు పెట్టుకుని కూర్చున్న మొగుడు. హెడ్‌ఫోను సర్దుకుని మైకు దగ్గరకి జరిగింది.

తెర మీద తైలం లేని జుట్టుతో ఒక ముసలిది కోట తలుపు మీద అరచేతులు ఆనించి పెదవులు కదిపింది. కంచుపిన్ని ఊపిరి తీసుకుంది. "నేను ఇక్కడిదాన్నే. ఇది నా ఇల్లు. నన్ను లోపలికి రానివ్వండి" అంది. ప్రతి అక్షరం ఉండవలసినచోట ఉంది.

ఒక్క టేకుతో అయిపోయింది. "చాలా బాగుందమ్మా" అన్నాడు పిల్లవాడు. "అచ్చం పిచ్చిదానిలాగే ఉంది."